బ్రూజ్ ఎందుకు కిక్కిరిసింది?

పర్యాటకుల కోసం నగరాలన్నీ పోటీ పడుతుంటే బెల్జియంలోని బ్రూజ్ 2019లో ఎదురుదారి పట్టింది. తన రేవు జేబ్రుగలో రోజుకు రెండు విహార నౌకలకు మించి ఆగకుండా చూడాలని, పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారి కోసం ప్రకటనలు మానాలని మేయర్ నిర్ణయించారు. పాత నగరంలో కాపురం ఉండేది సుమారు 20,000 మందే.

ఈ ఊరి అదృష్టం తుఫానుతో మొదలైంది. 1134లో సముద్రం తీరాన్ని కోసి జ్విన్ అనే పాయను తెరిచింది. దాంతో లోతట్టున ఉన్న బ్రూజ్ రేవు పట్టణమైంది. ఇంగ్లండ్ ఉన్ని ఇక్కడ దిగేది, బ్రూజ్ ఉన్న ఫ్లాండర్స్ ప్రాంతపు నేతగాళ్ల బట్ట ఓడలెక్కేది. 1277లో ఇటలీలోని జెనోవా ఓడలు నేరుగా వచ్చాయి. హాన్సా అనే వర్తక నగరాల కూటమికి చెందిన జర్మన్ వర్తకులు, ఇటలీ షరాబులు స్థిరపడ్డారు. వాన్ డర్ బ్యూర్జ్ కుటుంబం నడిపిన సత్రం ముందు హుండీల (డబ్బు చెల్లింపు పత్రాల) బేరాలు సాగేవి. 83 మీటర్ల గంటల గోపురం లేచింది బట్టల అంగడి మీదే. నగర హక్కుల పత్రాలు, ఖజానా దాచింది కూడా అందులోనే. ఇక్కడి చర్చిలో ఉన్న, మైకెలాంజెలో చెక్కిన పాలరాతి మేరీమాతను కొన్నది ఒక వర్తక కుటుంబం.

జ్విన్ ఇసుక మేట వేయడంతో బ్రూజ్ పతనమైందంటారు. అది సగం నిజం. 1488లో నగరవాసులు తమ పాలకుడు మాక్సిమిలియన్‌నే నెలల తరబడి నిర్బంధించారు. ఆయన విదేశీ వర్తకులను మరో రేవు నగరమైన ఆంట్వెర్ప్‌కు తరలమన్నాడు. పూడిక కన్నా ఆ దెబ్బే పెద్దదని నా అభిప్రాయం.

19వ శతాబ్దం నాటికి ఇది బెల్జియంలోని నిరుపేద నగరాల్లో ఒకటి. వేలమంది స్త్రీలు లేసు అల్లి బతికేవారు. ఫ్యాక్టరీలు రాలేదు కాబట్టి పాత ఇళ్లను ఎవరూ కూల్చలేదు. నెపోలియన్ ఓడిన వాటర్లూ యుద్ధభూమిని చూడబోయే ఇంగ్లిషువారు దారిలో ఇక్కడ ఆగి ముచ్చటపడ్డారు. ఆ తర్వాత మధ్యయుగపు శైలిలో కొత్త కట్టడాలు లేచాయి. ప్రధాన కూడలిలో అందరూ ఫొటోలు తీసుకునే ప్రాంతీయ ప్రభుత్వ భవనానికి 1887లోనే పునాది పడింది. పర్యాటకుల కోసం ఊరు ముస్తాబవడం నిన్నటి మాట కాదు.

పోయిన వర్తకం మళ్లీ తేవాలనే 1907లో జేబ్రుగ రేవును ప్రారంభించారు. సరుకుతోపాటు అదిప్పుడు విహార నౌకలనూ తెస్తోంది. ఆ ప్రయాణికుల బస, భోజనం చాలావరకు ఓడలోనే. వీధుల్లో కొద్ది గంటలు తిరిగి వెళ్తారు కనుక నగరానికి దక్కే రాబడి తక్కువ, రద్దీ మాత్రం ఎక్కువ. అందుకే నౌకల మీద ఆంక్ష న్యాయమైనదే.