బోటు ఇంజన్ ఆగిపోతే ముందు బల్బు పట్టి చూడండి

ఒడ్డు కనబడని చోట అవుట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయట తగిలించే ఇంజన్) మొరాయిస్తే చాలామంది వెంటనే కవరు తీసి ప్లగ్గు విప్పేస్తారు. ఊగే బోటులో, తడి చేతులతో ఆ పని వద్దు. జారిన నట్టు నీళ్లలో పడితే అంతే సంగతులు. ట్యాంకుకీ ఇంజన్‌కీ మధ్య పైపులో రబ్బరు బల్బు ఉంటుంది కదా, ముందు దాన్ని పట్టి చూడాలి. లోపం ఎటు వైపుందో చాలావరకు అదే చెబుతుంది.

అంతకన్నా ముందు, ఇంజన్ ఎలా ఆగిందో గుర్తు తెచ్చుకోండి. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే ఎక్కువగా కరెంటు వైపు లోపమే. కిల్ స్విచ్ తాడు, అంటే ఊడితే ఇంజన్‌ని ఆపేసే తాడు, ఊడిందేమో చూడాలి. రేజ్ ఇవ్వగానే దగ్గి, నీరసించి, కాస్త పుంజుకుని మళ్లీ ఆగితే పెట్రోలు అందడం లేదన్నమాట.

పెట్రోలు ఇంజన్ దాకా ఎలా వస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. మామూలు టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఫ్యూయల్ పంపుకి విడిగా మోటారేమీ ఉండదు. పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటే దాని కింద ఉండే క్రాంక్‌కేసు అనే గదిలో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ ఒత్తిడే డయాఫ్రమ్ అనే పలచటి పొరను అటూ ఇటూ ఊపుతుంది. నిమిషానికి 5000 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఆ పొర సెకనుకి 83 సార్లు ఊగుతుంది. ఎన్నిసార్లు ఊగినా దాని బలం కొంచెమే. అది తన వైపు ఒత్తిడి తగ్గిస్తుంది, అంతే. ట్యాంకులో పెట్రోలు మీద ఉన్న గాలి ఒత్తిడే పెట్రోలును పైపులోకి తోస్తుంది.

ట్యాంకు మూత మీదున్న చిన్న గాలి స్క్రూ అంత ముఖ్యమైంది అందుకే. అది మూసి ఉన్నా ఇంజన్ చక్కగా స్టార్టవుతుంది, కొన్ని నిమిషాలు నడుస్తుంది. పెట్రోలు తగ్గుతున్నకొద్దీ ట్యాంకులో ఖాళీ పెరుగుతుంది, దాన్ని నింపడానికి బయటి గాలి రాదు. లోపలి ఒత్తిడి పడిపోయి సరఫరా ఆగుతుంది. స్క్రూ వదులు చేయగానే సుయ్‌మని గాలి లోపలికి పోయే చప్పుడు వినిపిస్తే జబ్బు దొరికినట్టే.

ఇక బల్బు. నడుస్తున్న ఇంజన్‌కి బల్బు కాస్త మెత్తగా ఉండటం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. చప్పిడిగా అతుక్కుపోయి ఉంటే మాత్రం దాని వెనక, అంటే ట్యాంకు వైపు, ఎక్కడో మూసుకుపోయింది. గాలి స్క్రూ, ట్యాంకులోని జల్లెడ, పైపు మడత చూడాలి. పైపు పైకి బాగానే కనబడినా లోపలి పొర ఊడి దారికి అడ్డం పడవచ్చు. పెట్రోలులో కలిపే ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బి ఇలా పాడవుతుంది.

ఆగిన ఇంజన్ మీద బల్బును బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని నొక్కండి. నాలుగైదు నొక్కులకి గట్టిపడితే పెట్రోలు ఇంజన్ దాకా వస్తోంది. అలాంటప్పుడు ఫిల్టరు, పంపు, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరు చూడాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ట్యాంకు ఖాళీ అయ్యుండాలి, బల్బులో వాల్వు పోయుండాలి, లేదా ఎక్కడో గాలి పట్టుండాలి. ఇంజన్ ఆగబోతుండగా ఒకరు బల్బు నొక్కితే అది మళ్లీ అందుకుంటోందా? అయితే పంపు బలహీనపడిందని గానీ, ట్యాంకు వైపు నుంచి సరిగా రావడం లేదని గానీ గట్టిగా అనుమానించవచ్చు.

గాలి పట్టడం వీటన్నిటిలో మహా మోసకారి. పంపుకి వెనక పైపులో ఒత్తిడి బయటికన్నా తక్కువ కాబట్టి చీలిక నుంచి పెట్రోలు కారదు, గాలే లోపలికి పోతుంది. చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టే. బయట తడి కనబడదు గనుక గంటలు వెతికినా దొరకదు. ఇంజన్ దగ్గర జానెడు పారదర్శకమైన పెట్రోలు పైపు తగిలిస్తే బుడగలు కళ్లకే కనిపిస్తాయి. వేరే ట్యాంకూ పైపూ తగిలించి నడిపి చూడటం ఇంకా మేలు. ఇంజన్ బాగా నడిస్తే లోపం పాత ట్యాంకులోనో పైపులోనో ఉంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ విరామంలో ఇంజన్‌లో వదిలేసిన పెట్రోలు ఆవిరై కార్బురేటరులో జిగురు మిగులుతుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. ట్యాంకు నుంచి పైపు లాగేది ఆ అడుగునే! నిషేధం ముగిశాక ట్యాంకు అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచి చూడండి. కింద వేరే పొర కనబడితే ఆ పెట్రోలు వాడకండి. ఈ పని ఒడ్డునే, బీడీకీ పొయ్యికీ దూరంగా చేయాలి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున చేరి అక్కడే ఉండిపోతుంది.

వేడెక్కాక కూడా, గాలి తగ్గించే చోక్ లాగితేనే ఇంజన్ నడుస్తోందంటే చాలాసార్లు కార్బురేటరులో పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం, అంటే జెట్టులో జిగురు పట్టినట్టే. దాన్ని తీగతో మాత్రం పొడవకండి. ఇంజన్‌కి ఎంత పెట్రోలు పోవాలో ఆ రంధ్రం కొలతే నిర్ణయిస్తుంది, ఒకసారి అరిగితే జెట్టు మార్చాల్సిందే. కార్బురేటరు క్లీనరులో నానబెట్టి గాలి కొట్టిస్తే జిగురు వదులుతుంది.