ఇసుక దిబ్బల తుమ్మ: అపోహలు - వాస్తవాలు

దక్షిణ ఆస్ట్రేలియాలో స్థానిక మొక్కల నర్సరీలో పని చేస్తాను. ఎడారి వైపు పాడైన నేలల్లో నాటడానికి మేం పెంచే మొక్కల్లో నాకు బాగా ఇష్టమైనది అకేసియా లిగులాటా. ఇక్కడివాళ్లు అంబ్రెల్లా బుష్ అంటారు. ఇసుక నేలల్లో గుబురుగా పెరిగే పొద, 4 మీటర్లు దాటడం అరుదు. మనవాళ్లు చూడగానే "తుమ్మే కదా" అనేస్తారు.

అపోహ: తుమ్మ అంటేనే ముళ్లు. పక్కన ఏదీ బతకదు.

దీనికి ముళ్లే లేవు. మన నల్లతుమ్మకు దూరపు చుట్టం మాత్రమే. దాన్ని ఇప్పుడు వాచెల్లియా అనే వేరే ప్రజాతిలో చేర్చారు. సర్కారు తుమ్మ అయితే అమెరికా ఖండాల నుంచి వచ్చిన ప్రోసోపిస్ అనే వేరే మొక్క, అకేసియానే కాదు. లిగులాటా కొమ్మలు నేలకు దగ్గరగా ఉంటాయి కాబట్టి గాలికి కొట్టుకొచ్చే ఇసుక, ఎండుటాకులు, గడ్డి గింజలు దాని కింద ఆగిపోతాయి. వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. అందుకే బోడి దిబ్బ మీద ముందు దీన్ని నాటుతాం.

అపోహ: నెలలు గడిచినా మొలవకపోతే విత్తనం పాడైనట్టే.

ఎక్కువమంది ఇక్కడే ఆశ వదిలేస్తారు. నిజానికి విత్తనం బాగానే ఉంటుంది, పై పెంకు నీటిని లోపలికి రానివ్వదు, అంతే. ఒక్క చినుక్కే మొలిచి ఎండకు మాడిపోకుండా అది చేసుకున్న ఏర్పాటు. గిన్నెలో విత్తనాలు వేసి, మరిగిన నీళ్లు పోసి, రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీద మాత్రం ఉడికించకండి. తెల్లారేసరికి ఉబ్బినవాటిని విత్తుకోండి, ఉబ్బనివాటికి మళ్లీ అదే పని చేయండి. లేదా పెంకును సాండ్ పేపర్ మీద కాస్త రుద్దినా చాలు. మొలక తొలి ఆకులు మన తుమ్మ ఆకుల్లా చిన్న రెబ్బలుగా వస్తాయి. తర్వాత వచ్చే సన్నని పొడవాటివి అసలు ఆకులు కావు, ఆకుల్లా చదునుగా మారిన ఆకు కాడలు. రెండూ వేరుగా ఉన్నాయని కలుపు అనుకుని పీకేయకండి. రోజూ నీళ్లు పోస్తే మొలక కుళ్లుతుంది.

అపోహ: అకేసియా గింజలన్నీ తినొచ్చు.

వద్దు. ఆస్ట్రేలియా ఆదివాసులు కొన్ని జాతుల గింజల్నే ఎంచి, వేయించి, పిండి చేసుకున్నారు. జార్జినా గిడ్జీ అనే అకేసియా ఆకులు, కాయలు మేసి పశువులు చనిపోతాయి. జాతి కచ్చితంగా తెలియనిదే నోట్లో పెట్టకండి.

అపోహ: నీళ్లడగని మొక్క కదా, అనంతపురంలోనూ వేసేయొచ్చు.

ఈ ప్రశ్న ఊరి నుంచి తరచూ వస్తుంది. నా జవాబు వద్దనే. ఆస్ట్రేలియాకే చెందిన మరో తుమ్మ, అకేసియా సైక్లాప్స్‌ను ఇసుక ఆపడానికని దక్షిణాఫ్రికా తీరానికి తీసుకెళ్లారు. గింజకు అంటుకున్న రంగు కండ కోసం పక్షులు తిని దూరదూరాలకు చల్లాయి. అక్కడి సహజ పొదలను అది కమ్మేసింది. నీలగిరి గడ్డి మైదానాల్లో బ్లాక్ వాటిల్ అనే ఆస్ట్రేలియా తుమ్మ చేసిందీ ఇదే. అనంతపురం మెట్ట నేలకు చండ్ర, జమ్మి, రేగు ఉన్నాయి. వాటి విత్తనాలు సేకరించండి.