రబినాల్ అచీ: రాతప్రతికి అందని నాట్యం

గ్వాటెమాలాలోని రబినాల్‌లో జనవరి 25న, సెయింట్ పాల్ పండుగకు, రబినాల్ అచీ అనే నాట్యరూపకం ఆడతారు. అక్కడి మాయా భాష అచీలో దీన్ని షహోహ్ తున్ అంటారు, అంటే తున్ నాట్యం. తున్ అంటే లోపల తొలిచిన దుంగ. దాని పైభాగంలో చీలికలు కోసి రెండు నాలుకలు మిగులుస్తారు. కర్రతో కొడితే రెండు స్వరాలు పలుకుతాయి. బాకాలు దానికి తోడు. స్పానిష్ వలస పాలకులు తున్ నాట్యాలను పదేపదే నిషేధించినా ఇది బతికింది.

కథ 15వ శతాబ్దంలో రబినాల్‌కూ పొరుగున ఉన్న కిచే అనే మాయా జాతికీ మధ్య తగవు. బందీగా చిక్కిన కిచే యోధుడికి మరణశిక్ష పడుతుంది. తన కొండలకూ లోయలకూ వీడ్కోలు చెప్పి వస్తానని అతను 260 పగళ్లు, 260 రాత్రులు గడువు అడుగుతాడు. అది మాయా పంచాంగంలో సరిగ్గా ఒక ఆవృత్తి. ఆ లెక్క ఎరగని అనువాదకుడికి అదొక పెద్ద అంకె మాత్రమే. పాత్రలు ఎదుటివారి మాటను ముందు తిరిగి పలికి, ఆ తర్వాతే జవాబిస్తాయి. కాగితం మీద విసుగనిపించే ఈ పునరుక్తి ఆటలో చాలా అవసరం: చెక్క మాస్కు వెనుక నుంచి మాట స్పష్టంగా రాదు.

1855లో రబినాల్‌కు వచ్చిన ఫ్రెంచి మతగురువు బ్రాస్యూర్ ద బూర్బూర్ 1862లో పాఠాన్నీ బాణీనీ పారిస్‌లో అచ్చువేయించాడు. రబినాల్ వాసి బార్తోలో సిస్ చెబుతుంటే తాను రాసుకున్నానన్నాడు. కానీ ఆ పాఠంలోనే సిస్ గమనిక ఉంది, దాని తేదీ 1850 అక్టోబరు 28! అంటే బ్రాస్యూర్ రాకముందే రాతప్రతి ఉందన్నమాట. మాన్యుయెల్ పెరెస్ 1913లో రాసిన ప్రతి ఊళ్లోనే నిలిచింది.

ఆ రాతల్లో అసలు చిక్కు లిపిది. అచీలో మామూలు 'క', గొంతు లోతుల్లోంచి వచ్చే 'క', రెండింటికీ ఊపిరి బిగబట్టి పలికే జతలు కలిపి నాలుగు వేర్వేరు హల్లులు. స్పానిష్ అక్షరాలు అన్నిటికీ చాలవు. మాయా భాషలకు అధికారిక వర్ణమాల 1987లో గానీ రాలేదు.

కవి, మానవశాస్త్రజ్ఞుడు డెనిస్ టెడ్‌లాక్ ఈ పనికి దిగేనాటికే గ్వాటెమాలాలోని మొమోస్తెనాంగో పట్టణంలో కిచే పంచాంగ విద్య నేర్చుకుని ఉన్నాడు. 2003లో వచ్చిన ఆయన ఆంగ్లానువాదం ఆటను చూసి చేసినది కావడమే దాని బలం.

1982 జులై 18న గ్వాటెమాలా అంతర్యుద్ధ కాలంలో, రబినాల్ పరిధిలోని ప్లాన్ ద సాంచెస్ గ్రామంలో సైన్యం 268 మందిని చంపింది. సంస్కృతిని నోటి మాటగా అందించే స్త్రీలూ వృద్ధులూ పోవడంతో ఖాళీ ఏర్పడిందని 2004లో అంతర్ అమెరికా మానవ హక్కుల న్యాయస్థానం గుర్తించింది. అచీ సంస్కృతి అధ్యయనానికీ, ద్విభాషా బోధనలో శిక్షణ పొందిన టీచర్లను పంపడానికీ ఆదేశాలిచ్చింది.