సైకాలజీ ల్యాబ్: అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ పిల్లలకు సైకాలజీ ప్రాక్టికల్స్ చెప్తాను. పరకాల, నర్సంపేట, జనగామ వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. మొదటి వారంలో వాళ్లు అడిగేవి, వాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లు అడిగేవి ఏటా దాదాపు అవే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సైకాలజీ అంటే మాటల సబ్జెక్టు, దానికి ల్యాబ్ ఎందుకు?

సైకాలజీ సైన్సుగా నిలబడిందే ల్యాబ్‌లో. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ల్యాబ్ పెట్టాడు. మన దేశంలో 1916లోనే కలకత్తా విశ్వవిద్యాలయంలో సైకాలజీ శాఖ మొదలైంది. ఎదుటివాళ్ల మనసు చదవడం, హిప్నటిజం చేయడం మా దగ్గర నేర్పం. మనిషి ఎంతసేపట్లో స్పందించాడు, ఎన్ని తప్పులు చేశాడు, అప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంది, ఇవి కొలవడం నేర్పుతాం.

అపోహ: లక్షల రూపాయల పరికరాలు లేకపోతే ప్రయోగాలు చేయించలేం.

ఈ మాట నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. దీన్ని నమ్మి తాళం వేసి ఉంచిన ల్యాబ్ గదులు చూశాను. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు చాలు. ఒకరు స్కేలును పైకొసన పట్టుకుని, చెప్పకుండా వదిలేస్తారు. రెండోవాళ్లు కింద సున్నా దగ్గర వేళ్లు తెరిచి ఉంచి, పడుతున్న స్కేలును పట్టుకుంటారు. 15 సెంటీమీటర్ల దగ్గర దొరికితే స్పందనకు పట్టిన సమయం 0.175 సెకన్లు, 20 దగ్గరైతే 0.2 సెకన్లు. ఇంటర్ ఫిజిక్స్‌లో వస్తువు కిందపడే లెక్క చేసిన పిల్లలెవరైనా దీన్ని వేయగలరు.

నాకు ఇంకా ఇష్టమైనదానికి ఒక్క స్టాప్‌వాచ్ ఉంటే చాలు. 20 మందిని వరసగా నిలబెట్టి కళ్లు మూయిస్తాం. వెనకవాళ్లు భుజం నొక్కగానే ముందువాళ్ల భుజం నొక్కాలి. మొదటి నొక్కు నుంచి చివరిదాకా ఎంతసేపు పట్టిందో చూస్తాం. తర్వాత అదే పని కూర్చుని, చీలమండ పట్టుకుని చేయిస్తాం. చీలమండ నుంచి మెదడుకు దారి భుజం కంటే మీటరు పైచిలుకు ఎక్కువ. స్పర్శను మోసే నాడుల్లో సంకేతం సెకనుకు సుమారు 50 మీటర్లు పోతుంది. 20 మందికి కలిపితే దాదాపు అర సెకను తేడా రావాలి. నాడుల్లో పోయే ఈ వేగాన్ని ఎప్పటికీ కొలవలేమని జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ అనుకున్నాడు. ఆయన దగ్గరే చదువుకున్న హెల్మ్‌హోల్ట్స్ 1850లో కప్ప నాడి మీద కొలిచి చూపించాడు. మా పిల్లలు వరండాలో అదే పని తమ ఒంటిమీద చేస్తారు.

మొదటిసారి చేయించినప్పుడు భుజం ముందు, చీలమండ తర్వాత పెట్టాను. ఫలితం తలకిందులుగా వచ్చింది, చీలమండే తొందరగా అయిపోయింది. ‘మేడమ్, కాళ్ల నరాలే ఫాస్ట్ కావచ్చు’ అన్నాడొకడు. వాడి మాట కొట్టిపారేయలేదు. అయితే ఏం చేస్తే తేలుతుందో మీరే చెప్పండన్నాను. చాలాసేపటికి వెనక వరసలోని అమ్మాయి అన్నది: ‘అప్పటికే అలవాటైంది కదా మేడమ్, అందుకే తొందరగా అయింది.’ మళ్లీ చేశాం. భుజం, చీలమండ, చీలమండ, భుజం, ఈ వరసలో. అలవాటు ప్రభావం రెండువైపులా సమానంగా పడింది, చీలమండ వెనకబడింది. ప్రయోగంలో వరస ఎందుకు మార్చాలో ఆ రోజు వాళ్లకు నేను చెప్పాల్సిన పని పడలేదు.

అపోహ: పుస్తకంలో ఉన్న ఫలితం రాకపోతే ప్రయోగం తప్పు.

నేను చదువుకున్న కాలేజీలో సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దించేవాళ్లం. నేనూ దించాను. మార్కులు వచ్చాయి, ఆ ప్రయోగాల్లో ఒక్కటీ గుర్తులేదు. ఇప్పుడు మా ల్యాబ్‌లో పెన్సిల్, రబ్బరు వాడనివ్వను. రీడింగు పెన్నుతోనే రాయాలి, తప్పయితే అడ్డగీత కొట్టి పక్కన కారణం రాయాలి. ‘ఈసారి ఆటో హారన్ వినపడింది’ అని రాసిన రికార్డుకు నేను మంచి మార్కులు వేస్తాను.

అపోహ: చర్మం మీది చెమటను కొలిచే మిషన్ అబద్ధాన్ని పట్టేస్తుంది.

వేళ్లకు రెండు ఎలక్ట్రోడ్లు పెట్టి చర్మంలో విద్యుత్తు ఎంత సులువుగా పోతుందో చూస్తాం. టెన్షన్ పడితే స్వేదగ్రంథులు పనిచేసి, ఒకటి నుంచి మూడు సెకన్లలో తెర మీద గీత పైకి లేస్తుంది. కానీ గట్టిగా ఊపిరి పీల్చినా లేస్తుంది, దగ్గినా లేస్తుంది, తలుపు దబ్బున పడినా లేస్తుంది. ఈ మూడూ ముందే చేయించి చూపిస్తాను. ఆ తర్వాత ‘అబద్ధం దొరికింది’ అని ఎవరూ అనరు. నిజం చెప్తూ భయపడేవాళ్లకూ గీత లేస్తుంది మరి. మనిషి ఒప్పుకోకుండా పాలిగ్రాఫ్, అంటే అబద్ధాలను పట్టడానికని చేసే పరీక్ష, చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో సెల్వి కేసులో చెప్పింది.

అపోహ: ఎలక్ట్రోడ్లు పెడితే షాక్ కొడుతుంది.

గుండె సంకేతాన్ని చూసే చిన్న సర్క్యూట్లు తక్కువ ఓల్టేజీతో నడుస్తాయి. మా నియమం ఒక్కటే: ఒంటికి వైరు తగిలించే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయాలి, బ్యాటరీ మీదే నడపాలి. దీనితో ఒక పాఠం కూడా దొరుకుతుంది. తెర మీద గీత లావుగా, వణుకుతూ కనిపిస్తే అది గుండెది కాదు, గోడలో పోయే 50 హెర్ట్జ్ కరెంటుది. ట్యూబ్‌లైటు ఆపండి, వైర్లు దగ్గరికి చుట్టండి అంటాను. గీత సన్నబడి అందులోంచి గుండె కొట్టుకోవడం స్పష్టంగా బయటపడుతుంటే గదిలో మాటలు ఆగిపోతాయి.

అపోహ: ఈ ప్రయోగాలన్నీ ఇంగ్లిష్‌లోనే చేయాలి.

రంగు పేరు ఒకటి, సిరా రంగు ఇంకొకటి పెట్టి చేసే స్ట్రూప్ పరీక్ష 1935 నాటిది. మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి, రెండూ కలవక తడబడతాం, అదే స్ట్రూప్ ప్రభావం. దాన్ని తెలుగు అక్షరాలతో చేయించాలని ఎరుపు, నీలం, పచ్చ అని కార్డులు రాయించాను. ‘పచ్చ’ దగ్గర అందరూ తడబడ్డారు. ఇది స్ట్రూప్ ప్రభావమేనని సంబరపడ్డాను. తీరా చూస్తే, కొందరి ఇంట్లో పచ్చ అంటే పసుపు, కొందరి ఇంట్లో ఆకుపచ్చ. ఆ కార్డులన్నీ పక్కన పెట్టి, పచ్చకు బదులు ‘నలుపు’ అని రాయించి మళ్లీ మొదలుపెట్టాం. పాత కార్డులు మాత్రం పారేయలేదు. ‘ఏ ఊరివాళ్లు పచ్చ అంటే ఏ రంగు అంటారు’ అని ఇద్దరు అమ్మాయిలు వాటితోనే తమ ప్రాజెక్టు చేస్తున్నారు.