"అమ్మమ్మ పడ్డ కష్టం నీకెలా అంటుకుంది?": తరాలు దాటే గాయాల మీద అపోహలు, వాస్తవాలు

నేను న్యూజెర్సీలో ఫ్యామిలీ థెరపిస్ట్‌ని, పద్నాలుగేళ్ల నుంచి ఇదే పని. మా క్లినిక్ ప్యాటర్సన్‌కి దగ్గర. అక్కడ మెయిన్ స్ట్రీట్‌లో కొంత భాగానికి 2022లో పాలస్తీనా వే అని పేరు పెట్టారు, దాన్నిబట్టి ఆ చుట్టుపక్కల ఎవరు ఎక్కువో మీకే అర్థమవుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలోనూ పాలస్తీనా మూలాలున్న అమ్మాయిలు చాలామంది, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. మన తెలుగువాళ్లు ఎక్కడైనా కలిసి నా పని గురించి మాటొస్తే కొన్ని ప్రశ్నలు తప్పకుండా వస్తాయి, కొన్ని తీర్పులు కూడా. వాటికి ఒక్కచోట జవాబు రాద్దామని ఇది. ఇందులో నేను "ఆమె" అంటున్న ముప్పై ఒక్కేళ్ల ఫార్మసిస్ట్ ఒక్క మనిషి కాదు. కొందరి కథలు కలిపి, ఎవరినీ గుర్తుపట్టలేనట్టు మార్చి చెబుతున్నాను.

అపోహ: ఆమె అమెరికాలో పుట్టింది, యుద్ధం చూడలేదు, ఇల్లు పోలేదు. చూడనిదానికి బాధేంటి?

ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన సమయంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది, దాన్ని వాళ్లు నక్బా అంటారు, అంటే మహావిపత్తు. ఆ జూలైలో లిద్ అనే ఊరినీ పక్కనే ఉన్న రమ్లానీ ఇజ్రాయెల్ సైన్యం పట్టుకుని యాభై వేలకు పైగా మందిని వెళ్లగొట్టింది. లిద్ జనం మండుటెండలో రామల్లా వైపు నడిచారు. నీళ్లు లేవు. దాహంతో దారిలోనే చాలామంది పోయారు. ఆమె అమ్మమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ నడక అల్-అమరి అనే శరణార్థుల శిబిరం దగ్గర ఆగింది, అమ్మమ్మ పెళ్లీ పిల్లలూ అన్నీ అక్కడే.

ఇప్పుడు ఆమె సంగతి. మొదటిసారి నా దగ్గరికి వచ్చింది పెళ్లి గొడవ గురించి కాదు, మీటింగుల్లో వచ్చే టెన్షన్ గురించి. చేతిలో నీళ్ల బాటిల్ లేకపోతే గదిలో కూర్చోలేదు, ఊపిరాడనట్టు ఉంటుంది, గుండె దడదడలాడుతుంది. మూడు నాలుగు సిట్టింగులయ్యాక ఇంటి గురించి అడిగితే, మాటల మధ్యలో మామూలుగా చెప్పింది: గరాజ్‌లో ఎప్పుడూ పది కేసుల నీళ్ల బాటిళ్లు ఉంటాయి, ఒక్కటి తగ్గినా అమ్మ నాన్నని దుకాణానికి పంపిస్తుంది, చిన్నప్పుడు స్కూలుకి బయలుదేరే ముందు గ్లాసెడు నీళ్లు పూర్తిగా తాగితేగానీ అమ్మమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో 1948 గురించి మాటే లేదు.

గాయం కథ రూపంలోనే రావాలని లేదండీ. అలవాటుగా వస్తుంది, గొంతులో వచ్చే మార్పుగా వస్తుంది, తలుపు చప్పుడైతే అమ్మ ముఖం ఎలా మారిందో చూసిన రెండేళ్ల పిల్ల ఒంట్లోకి వస్తుంది. నేను రెండు రకాల ఇళ్లు చూశాను. కొన్నింట్లో పోయిన ఇంటి తాళంచెవి గోడకి వేలాడుతుంది, ప్రతి పండక్కీ ఆ కథ చెబుతారు. కొన్నింట్లో ఒక్క మాటా ఉండదు. పిల్లలకి ఎక్కువ కష్టం రెండో రకం ఇళ్లల్లోనే అని నా అనుభవం, ఎందుకంటే భయం ఉంటుంది, దానికి పేరుండదు, పేరు లేని భయాన్ని పిల్లలు తమ లోపమే అనుకుంటారు.

అపోహ: ఇదంతా డీఎన్‌ఏలో రాసి ఉంటుంది, ఎవరూ ఏం చేయలేరు.

ఇది చదువుకున్నవాళ్ల అపోహ, రీల్స్ వల్ల బాగా పాకింది. దీనికి మూలంగా ఎక్కువమంది చూపించేది న్యూయార్క్‌లో రేచెల్ యెహుదా బృందం 2016లో ప్రచురించిన పరిశోధన. నాజీ మారణకాండ నుంచి బతికి బయటపడ్డ 32 మందిలో, వాళ్ల పిల్లలు 22 మందిలో, ఒత్తిడికి సంబంధించిన ఒక జన్యువు మీద కొన్ని రసాయనిక గుర్తుల్లో తేడాలు కనిపించాయి. విలువైన పనే. కానీ అంత చిన్న గుంపుతో, పెంపకం ప్రభావం ఎంత, పుట్టుకతో వచ్చిందెంత అని విడదీయలేం. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లు "నా జన్యువులే దెబ్బతిన్నాయి, నాకు పిల్లలు వద్దు" అనే దాకా వెళ్తున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. అలవాటుగా వచ్చినదాన్ని అలవాటుగానే మార్చుకోవచ్చు, రోజూ చూస్తున్నాను.

అపోహ: అమ్మాయిల మీద ఆంక్షలు, పెళ్లి ఒత్తిడి, అంతా మతం వల్లే.

కాదు. రామల్లా నుంచి వచ్చి మిషిగన్‌లో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్ల అమ్మాయిలతోనూ మాట్లాడాను. అవే ఆంక్షలు, అవే సంబంధాల ఫోన్లు, అదే "ఐబ్". ఐబ్ అంటే తప్పు, పరువు తక్కువ, నలుగురూ ఏమనుకుంటారు, ఈ మూడూ కలిసిన మాట. చర్చికి వెళ్లే తల్లీ అంటుంది, మసీదుకి వెళ్లే తల్లీ అంటుంది.

అపోహ: మన ఇళ్లల్లాంటిదే, సర్దుకుపోతే సరిపోతుంది.

ఇది నా అపోహే, చాలా ఏళ్లు. పోలికలు నిజంగానే ఉన్నాయి. పాలస్తీనా తల్లి కూతుర్ని "యమ్మా" అని పిలుస్తుంది, యమ్మా అంటే అమ్మే. తండ్రి అయితే "యాబా" అంటాడు, అంటే నాన్న. అది మొదటిసారి విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది, మనమూ అంతే కదా, కూతుర్ని "ఏం అమ్మా, తిన్నావా" అంటాం, కొడుకుని "నాన్నా" అంటాం. పిల్లనడగడానికి పెద్దమనుషులు కదిలి వస్తారు, దాన్ని జాహా అంటారు, అడిగినదానికి ఒప్పుకునేదాకా వచ్చినవాళ్లు కాఫీ ముట్టుకోరు. వాళ్లలోనూ మనలోనూ చాలామంది అమెరికా రాగలిగింది 1965 నాటి వలస చట్టం తలుపు తీశాకే. ఇవన్నీ చూసి "మా ఇళ్లల్లోనూ ఇంతేనమ్మా" అని తలూపేదాన్ని.

అది సగమే నిజం. మాది తెనాలి. నాన్న పోయారని ఫోనొస్తే టికెట్ కొనుక్కుని రెండో రోజుకి మా ఇంటి గుమ్మంలో ఉన్నాను. ఆమె అమ్మమ్మ పుట్టిన ఊరు ఎక్కడికీ పోలేదు, ఇజ్రాయెల్ ప్రధాన విమానాశ్రయం పక్కనే ఉంది. అక్కడికి తిరిగి వెళ్లి కాపురం ఉండే హక్కు మాత్రం అమ్మమ్మకి లేదు. మరి లిద్ ఎక్కడుంది? లిద్ వాళ్లం అని చెప్పుకునే మనుషుల్లో ఉంది, వాళ్ల వంటలో, యాసలో, పెళ్లిళ్లలో. అందుకే "లిద్ వాళ్ల అబ్బాయినే చేసుకో" అని తల్లి పట్టుబట్టినప్పుడు అది సంబంధం మాటగా మాత్రమే వింటే ఏమీ అర్థం కాదు. పోయిన ఊళ్లో ఒక ఇల్లు మళ్లీ కట్టమని కూతుర్ని అడుగుతోంది తల్లి. అంత బరువు ఒక పిల్ల పెళ్లి మీద పెట్టడం న్యాయమా అంటే, కాదు. కానీ తల్లిది వట్టి మొండితనం అనుకుంటే మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ సాయం చేయలేం.

అపోహ: గట్టిగా బౌండరీస్ పెట్టుకుని బయటికి వచ్చేస్తే విముక్తి.

నా మొదటి ఏళ్లలో ఒక అమ్మాయికి సరిగ్గా ఇదే చెప్పాను. వారానికి ఒక్కసారే ఫోన్, పెళ్లి మాటెత్తితే పెట్టెయ్. పాటించింది కూడా. రెండు నెలలకి నిద్ర లేదు, తిండి లేదు, ఫోన్ మోగినా భయం, మోగకపోయినా భయం. తప్పు నాది, నేను చదువుకున్న పుస్తకాల్లోని కుటుంబాన్ని ఆ అమ్మాయి కుటుంబం మీద రుద్దాను. నిజానికి ముర్రే బోవెన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు ఎప్పుడో చెప్పాడు, తెగతెంపులు చేసుకున్నంత మాత్రాన బంధం పట్టు వదలదని, దూరం జరిగినా లోపల అదే ముడి బిగుసుకుని ఉంటుందని. చదివాను, అర్థం కావడానికి ఆ అమ్మాయి ఏడుపు కావాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో కొడుతున్నా, ఇష్టం లేని పెళ్లి బలవంతంగా చేయబోతున్నా, ముందు ఆ మనిషి క్షేమం, తర్వాతే మిగతావి. అందులో సర్దుబాటు లేదు.

అలాంటి ప్రమాదం లేనప్పుడు నేను ఇప్పుడు చేయించేది వేరు. ఇంట్లో వాళ్లు ఆశించేవన్నీ కాగితం మీద రాయమంటాను, ఒక్కోదాని ఎదురుగా ఒక్కటే ప్రశ్న: ఇది ఎవరి భయం, ఏ సంవత్సరం నాటిది? "రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి" అన్నదాని పక్కన ఆమె చాలాసేపు ఆలోచించి 1988 అని రాసింది. అప్పుడు మొదటి ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు, వాళ్లమ్మ హైస్కూల్ పిల్ల, వీధుల్లో కర్ఫ్యూ, వెస్ట్ బ్యాంక్‌లో స్కూళ్లు నెలల తరబడి మూత. "డిగ్రీ తర్వాతే ఏదైనా" అన్నదాని పక్కన కూడా అదే సంవత్సరం వేసింది, వేసి ఆగిపోయింది. ఎందుకంటే చదువంటే ఆమెకి నిజంగా ఇష్టం. భయంలోంచి వచ్చిందని తెలిసినా వదలబుద్ధి కాలేదు. అమ్మమ్మ నేర్పే తత్రీజ్ కుట్టూ అంతే, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పాలస్తీనా ఎంబ్రాయిడరీ అది, చిన్నప్పుడు విసుక్కుని ఇప్పుడు అడిగి మరీ నేర్చుకుంటోంది. ఏది తీసుకోవాలో, ఏది వదలాలో ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూడాలి, నెలలు పడుతుంది.

అపోహ: అయిపోయిన విషయమేగా, మర్చిపోతే పోదా?

సమా జబ్ర్ అని జెరూసలేం సైకియాట్రిస్టు, పాలస్తీనా ఆరోగ్య శాఖలో మానసిక ఆరోగ్య విభాగానికి నాయకత్వం వహించారు. పీటీఎస్‌డీ, అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అన్న పేరులోని మొదటి మాట "పోస్ట్"కి "తర్వాత" అని అర్థం కదా, మా వాళ్లకి ఆ "తర్వాత" ఎక్కడుంది, గాయం ఇంకా జరుగుతూనే ఉంది అని జబ్ర్ వాదన. గాజాలో యుద్ధం మొదలైన 2023 అక్టోబర్ నుంచి నా గదిలో నేను రోజూ చూసింది అదే. ఇంట్లో టీవీ ఆపడానికి నాన్న ఒప్పుకోడు, ఆపితే వాళ్లని వదిలేసినట్టు. అదే నెలలో ఇల్లినాయిలో ఆరేళ్ల పాలస్తీనా పిల్లాడిని ఇంటి యజమానే పొడిచి చంపాడు, నవంబర్‌లో వెర్మాంట్‌లో ముగ్గురు పాలస్తీనా కాలేజీ కుర్రాళ్ల మీద కాల్పులు జరిగాయి. "తొమ్మిదికల్లా ఇంటికి రా" అని తల్లి మళ్లీ మొదలుపెడితే, అది 1988 భయమా, ఇవాళ్టి భయమా? ఆమె అడిగింది, నా దగ్గర జవాబు లేదు. రెండూ అని మాత్రం చెప్పగలిగాను.

ఇలాంటి ఇంట్లో పెద్దవాళ్లని మాట్లాడించాలనుకునేవాళ్లకి ఒక సూచన: "అప్పుడేం జరిగింది" అని అడగకండి. ఎనభై దాటిన మనిషిని మళ్లీ ఆ రోడ్డు మీద నిలబెట్టినట్టవుతుంది. పెరట్లో ఏం చెట్లుండేవి, రొట్టె ఎక్కడ కాల్చేవారు, మీ వీధిలో ఎవరెవరుండేవారు అని అడగండి. ఆమె అలాగే అడిగింది. అమ్మమ్మ రెండు గంటలు మాట్లాడింది, వీధి వీధంతా చెప్పింది, పక్కన కూర్చున్న అమ్మ కూడా అవన్నీ వినడం అదే మొదటిసారి. నీళ్ల మాట అమ్మమ్మ తనంతట తనే ఎత్తింది, చివర్లో, ఒకే ఒక్క వాక్యం.

సంబంధాల ఫోన్లు ఆగలేదు. ఈమధ్య వచ్చినవాటిలో ఒకటి లిద్ కుటుంబమే. కలుస్తానంది. పెళ్లి చేసుకునే ఉద్దేశం లేదని వాళ్లకి ముందే చెప్పింది. ఆ అబ్బాయి తాతగారు ఇంకా ఉన్నారట, అమ్మమ్మ చెప్పిన వీధి ఆయనకి గుర్తుందేమో అడగాలట.