బ్యాండ్‌లో కుదరలేదంటే వాయించడం రాదని కాదు: అపోహలు, వాస్తవాలు

బ్యాండ్‌లకి మనుషుల్ని వెతికి కూర్చడం, రిహార్సల్స్ నడపడం నా పని. ఆడిషన్ అయ్యాక "ఈసారికి కుదరలేదు" అని కబురు పెట్టిన ఒకట్రెండు రోజులకి ఫోన్ వస్తుంది. కొందరు గొడవ పెట్టుకోడానికే చేస్తారు. వాళ్లతో ఇబ్బంది లేదు, కాసేపు అరిచి పెట్టేస్తారు. ఇంకొందరు అదీ ఇదీ మాట్లాడి, పెట్టేసే ముందు మెల్లగా అడుగుతారు: "అన్నా, ఉన్నమాట చెప్పు. నాకు రాదు కదా?" వీళ్లకి విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. అందుకే రాస్తున్నా.

అపోహ: ఇంకా బాగా వాయించి ఉంటే తీసుకునేవాళ్లు.

మీ వీడియోలు చూశాకే ఆడిషన్‌కి పిలుస్తాం. చెయ్యి తిరిగిందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. గదిలోకి రమ్మనేది ఇంకో సంగతి చూసుకోడానికి: మీరు ప్లగ్ పెట్టాక మిగతా నలుగురూ హాయిగా వాయిస్తున్నారా, మీకోసం ఒదిగి ఒదిగి వాయిస్తున్నారా.

జనాన్ని ఎక్కువ దెబ్బతీసేది ఈ అపోహే. వద్దనిపించుకున్న మనిషి ఇంటికెళ్లి ఏం చేస్తాడు? టిక్కు టిక్కుమని లయ చూపించే మెట్రోనోమ్ స్పీడ్ పెంచుతాడు. కొత్త స్కేళ్లు, అంటే స్వరాల వరసలు, పట్టుకుంటాడు. ఏడాది పాటు చేతులు అరగదీసుకుని ఇంకో ఆడిషన్‌కి వెళ్తాడు, అక్కడా వద్దంటారు. మొదటిసారి వద్దన్నదే నోట్లు (స్వరాలు) ఎక్కువైపోతున్నాయని అయితే, ఏడాది కష్టపడి అతను పెంచుకున్నది ఆ జబ్బునే కదా! కొంతమందైతే విసిగిపోయి వాయిద్యమే అమ్మేస్తారు.

ఒక కీబోర్డ్ కుర్రాడి సంగతి చెప్తాను. ఒంటరిగా కూర్చుని వాయిస్తే ఎవరైనా నోరెళ్లబెట్టాల్సిందే. కుడిచేత్తో మెలొడీ, ఎడమచేత్తో బేస్ నోట్లు, మధ్యలో కార్డ్స్, అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాలు. మొత్తం పాట ఆ పది వేళ్లలోనే ఉంటుంది. ఇబ్బందీ అదే, ఎందుకంటే ఆ గదిలో బేస్ గిటారిస్ట్ కూడా ఉన్నాడు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలన్నది, ఎంత తక్కువైతే స్వరం అంత కింద. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం పలికే తీగ 41 హెర్ట్జ్, మామూలు గిటార్‌లో 82. మనవాడి ఎడమచెయ్యి తిరిగేది దాదాపు 65 నుంచి 130 హెర్ట్జ్ మధ్య, అంటే బేస్ కాపురం ఉండే చోటే. ఇద్దరూ ఒకే నోటు పట్టుకున్నా ఒకరు రవ్వంత ముందు, ఒకరు రవ్వంత వెనక. కింద అంతా కలగాపులగం. పాట సగంలోకి వచ్చేసరికి బేస్ అతను వాయించడం తగ్గించేసి నా వంక చూశాడు.

ఆపి, "తమ్ముడూ, ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని వాయించు" అన్నాను. పల్లవంతా పెట్టుకున్నాడు. గది తేటపడింది. సింగర్ మాట తెలిసింది, కిక్ డ్రమ్ తెలిసింది. చరణం రెండో లైన్‌కల్లా ఆ చెయ్యి తనంతట తానే మళ్లీ కీస్ మీదికి వచ్చేసింది, వచ్చిన సంగతి అతనికే తెలీదు. మళ్లీ చెప్పాను, మళ్లీ వచ్చింది. తీసుకోలేకపోయాం. ఇందులో ప్రతిభ లేకపోవడం ఎక్కడుంది చెప్పండి? ఒక్కడే కూర్చుని పాటంతా మోయాలని ఏళ్ల తరబడి చేసిన సాధన అది. ఒక్కడే వాయించాల్సిన ప్రోగ్రామ్ వస్తే ముందు అతన్నే పిలుస్తాను, పిలిచాను కూడా. నలుగురి మధ్య ఖాళీ వదలడం వేరే సాధన. స్కేళ్ల స్పీడ్ పెంచితే అది రాదు.

గిటారిస్టులది ఇంకో గోల, సౌండ్. "వీడు ఎవరి మాటా వినడు, పెంచుతూనే ఉంటాడు, పొగరు" అంటారు మిగతావాళ్లు. చాలాసార్లు పొగరూ లేదు పాడూ లేదు. ఆంప్, అంటే గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె, నేల మీద ఉంటుంది, అతను దాని ముందే నిలబడతాడు. స్పీకర్‌లోంచి వచ్చే పదునైన పై ఫ్రీక్వెన్సీలు టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతాయి. అవి అతని మోకాళ్ల దగ్గర్నించి దూసుకుపోయి ఎదురుగా ఉన్నవాళ్ల చెవుల్లో పడతాయి. అతనికి మాత్రం తన గిటార్ మొద్దుగా, మూత పెట్టినట్టు వినిపిస్తుంది. ట్రెబుల్ (ఆ పదును) పెంచుతాడు, చాలక వాల్యూమ్ పెంచుతాడు. ఆంప్‌ని కుర్చీ మీదికి ఎక్కించండి, లేదా కాస్త వెనక్కి వాల్చి మొహం వైపు తిప్పండి. తన సౌండ్ తన చెవిన పడగానే అతనే తగ్గించేస్తాడు. ఇంత చిన్న పనికి విడిపోయిన బ్యాండ్‌లు ఉన్నాయి.

డ్రమ్మర్ల విషయం ఇంకా సూక్ష్మం. 120 బీపీఎంలో, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీటుకీ బీటుకీ మధ్య అర సెకను. ఒకరు స్నేర్ డ్రమ్‌ని మెట్రోనోమ్ క్లిక్ కంటే 15, 20 మిల్లీసెకన్లు ముందు వేస్తారు, పాట ఉరుకుతున్నట్టుంటుంది. ఇంకొకరు అంతే వెనక వేస్తారు, పాట తీరిగ్గా ఊగుతుంది. నిలకడగా వేస్తున్నంత కాలం ఇద్దరిదీ లయ తప్పు కాదు. కానీ వెనక్కి వాల్చి వాయించే బేస్ పక్కన ముందుకి తోసే డ్రమ్మర్ కూర్చుంటే పాట పొడుగునా ఇద్దరూ గింజుకుంటూనే ఉంటారు. అప్పుడు ఒకరు వెళ్లాలి. సాధారణంగా కొత్తగా వచ్చినవాళ్లే వెళ్తారు. న్యాయమా అంటే ఏం చెప్తాం.

కొన్నిసార్లు చెప్పిన కారణం ఒకటి, అసలు కారణం ఇంకొకటి. ఒక సింగర్ అమ్మాయికి నేను పనిచేస్తున్న బ్యాండ్ వాళ్లే "మీ గొంతు మా పాటలకి సరిపోలేదు" అని చెప్పి పంపించారు. జరిగింది ఏమిటంటే, వాళ్ల పాటలన్నీ ఇ (E) శృతిలో ఉన్నాయి. ఆమెకి జి (G) శృతి అయితే హాయిగా అందుతుంది. వేలు నొక్కకుండా మోగించే ఖాళీ తీగల మీద కట్టుకున్న రిఫ్‌లు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కలు) జి లో చేతికి రావని గిటారిస్ట్ మొరాయించాడు. మూడో ఫ్రెట్‌లో కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టి శృతి పెంచే క్లిప్పు, బిగిస్తే తీరిపోయే తగాదా! ఆ అమ్మాయి మాత్రం తన గొంతు బాగాలేదనుకుని చాలాకాలం మైక్ పట్టుకోలేదు. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

ఇక సంగీతంతో పనే లేని కారణాలూ ఉంటాయి. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ 1962లో మొదలైనప్పుడు అందులో పియానో ఇయాన్ స్టూవర్ట్‌ది. బ్యాండ్ పెట్టినవాళ్లలో అతనొకడు. 1963లో మేనేజర్ వచ్చి, ఇతని వాలకం మిగతావాళ్లతో నప్పదని, పైగా ఆరుగురు ఎక్కువని పక్కకి తప్పించాడు. పియానో బాగోక మాత్రం కాదు. బాగోకపోతే 1985లో చనిపోయేదాకా అతని చేత రికార్డులకీ స్టేజ్ మీదా వాయించుకునేవాళ్లా? అతను ఉండిపోయాడు. నేనైతే ఉండేవాణ్ణి కాదు, అది వేరే సంగతి.

మరి మీ విషయంలో కారణం ఏమిటో ఎలా తెలుసుకోవాలి? "ఎందుకు వద్దన్నారు?" అని అడక్కండి. ఆ ప్రశ్నకి మర్యాద సమాధానమే వస్తుంది. "ఏ పాటలో ఎక్కడ ఇబ్బంది అనిపించింది?" అని అడగండి. ఒక డ్రమ్మర్ నన్ను అలాగే అడిగాడు. "రెండో పాటలో సింగర్ నోరు తెరిచిన ప్రతిచోటా నీ క్రాష్ తాళం పడింది" అన్నాను. ఓహో అన్నాడు, అంతే, థాంక్స్ చెప్పి పెట్టేశాడు. వారం తిరక్కుండా సర్దుకోగలిగిన విషయం అది. అడగడానికి మొహమాటమైతే రిహార్సల్ ఫోన్లో రికార్డ్ చేసుకోండి. ఫోన్ మీ పక్కన పెట్టుకుంటే మీరే వినిపిస్తారు, గది మధ్యలో పెట్టండి. వినేటప్పుడు మీ వాయిద్యాన్ని వదిలేసి, మీరు వాయిస్తున్నప్పుడు సింగర్ మాటలు తెలుస్తున్నాయా అన్నది ఒక్కటే చూడండి.

అపోహ: ఒకసారి వద్దంటే ఆ తలుపు మూసుకుపోయినట్టే.

అమెరికన్ జాజ్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్ 1957లో సాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్‌ని బ్యాండ్‌లోంచి తీసేశాడు, మత్తు అలవాటు వల్ల. కోల్ట్రేన్ ఆ ఏడే అలవాటు వదిలించుకుని జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మంక్ దగ్గర వాయించాడు. 1958కల్లా మళ్లీ డేవిస్ పక్కనే ఉన్నాడు. అంత పెద్దవాళ్ల కథ మనకెందుకు అంటారా, నా పుస్తకంలోనూ ఎవరి పేరూ కొట్టెయ్యను. పక్కన రాసుకుంటాను: "స్లో పాటలకి", "సబ్‌గా (ఒకరు రాని రోజు బదులుగా) పిలవచ్చు", "ఇద్దరు ముగ్గురు ఉన్న సెటప్‌కి". తలుపు నిజంగా మూసుకునేది ఒక్క పనికే: వద్దన్న రాత్రే గ్రూపుల్లో కూర్చుని వాళ్లని తిట్టడం.

అపోహ: ముందే ఎవర్నో అనుకుని మిగతావాళ్లని ఊరికే పిలుస్తారు.

ఒక్కోసారి నిజమే. అయినా వెళ్లండి. అనుకున్న మనిషికి తేదీలు కుదరక ఆఖరి నిమిషంలో రెండో పేరుకి ఫోన్ చేయడం మాకు మామూలే.

అపోహ: కష్టమైన సోలోతో అదరగొట్టాలి.

పంపిన పాటలు, పంపిన శృతిలో, పంపిన అరేంజ్‌మెంట్‌లో నేర్చుకుని రండి చాలు. ఈపాటి చేసుకొచ్చేవాళ్లు ఎంత తక్కువో తెలిస్తే నవ్వుకుంటారు.

అపోహ: నోటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం రాకపోతే ఎవరూ తీసుకోరు.

ఆర్కెస్ట్రాకో, నాటకాల్లో స్టేజ్ ముందు కూర్చునే వాద్యబృందానికో అయితే రావాలి, అందులో వాదన లేదు. మిగతాచోట్ల కార్డ్ చార్ట్ (ఎక్కడ ఏ కార్డ్ వాయించాలో రాసిన కాగితం), చెవి ఉంటే బండి నడుస్తుంది.

అపోహ: ఖరీదైన గిటార్, పెడల్స్ ఉంటే...

కాదు. తర్వాతది.

అపోహ: బ్యాండ్ వదిలేస్తే, లేదా వాళ్లే తీసేస్తే, నేను కట్టిన పాటల మీద నాకు హక్కు పోతుంది.

పోదు. హక్కులు ఇచ్చేస్తున్నట్టు మీరు సంతకం పెట్టి ఉంటే తప్ప, ట్యూన్ కట్టిన మనిషిగా, మాటలు రాసిన మనిషిగా మీ వాటా బ్యాండ్‌లో ఉన్నా లేకపోయినా మీదే. కాకపోతే ట్యూన్ కట్టడం, రికార్డింగ్‌లో వాయించడం రెండూ ఒకటి కావు. రికార్డింగ్ ఎవరిదన్నది వేరే లెక్క, అది మీరు కుదుర్చుకున్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. ఏ పాటలో ఎవరిది ఎంత అన్నది అందరూ నవ్వుతూ ఉన్న రోజుల్లోనే రాసి పెట్టుకోండి. పెద్ద కాగితాలేం అక్కర్లేదు, పాట పూర్తయిన రోజు అందరికీ ఒక మెసేజ్ పెట్టి "సరే" అనిపించుకున్నా మాట తేడా వచ్చిన రోజు చూపించడానికి పనికొస్తుంది.