బరువు పెరగలేదు, మరి పొట్ట ఎందుకొచ్చింది? మెనోపాజ్ తర్వాత కొవ్వు, ఇన్సులిన్: అపోహలు, వాస్తవాలు

నా టేబుల్ సొరుగులో స్టెతస్కోపు పక్కనే టైలర్లు వాడే టేపు ఒకటి ఉంటుంది. నెలసరి ఆగిపోయిన వయసులో ఎవరైనా వస్తే తూకం మిషన్ కంటే ముందు దాన్నే తీస్తాను. ఆ మధ్య ఒకావిడ వచ్చారు. "డాక్టర్ గారూ, పదేళ్లలో రెండు కిలోలు కూడా పెరగలేదు. కానీ పాత బట్టలేవీ నడుము దగ్గర పట్టడం లేదు. ఇంట్లో చెబితే తిండి తగ్గించుకోమంటున్నారు" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆవిడ చెప్పిన ప్రతి మాటా నిజమే. ఇలాంటి వాళ్లను తిండిపోతులుగా చూడటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: బరువు పెరగలేదంటే ఒంట్లో ఏ మార్పూ లేనట్టే.

వాస్తవం: తూకం మొత్తం లెక్కే చెబుతుంది. లోపల ఏది తగ్గిందో, దాని చోటులోకి ఏది చేరిందో చెప్పదు. అమెరికాలో మహిళలను ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చిన 'స్వాన్' అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపించింది. చివరి నెలసరికి సుమారు 2 ఏళ్ల ముందు నుంచి, ఆ తర్వాత 2 ఏళ్ల దాకా కొవ్వు చేరే వేగం దాదాపు రెట్టింపైంది. అదే సమయంలో కండ తగ్గుతూ పోయింది. బరువు పెరిగే తీరులో మాత్రం ప్రత్యేకంగా తేడా రాలేదు. ఒకవైపు కండ కరుగుతుంటే ఇంకోవైపు కొవ్వు పేరుకుంటోంది కాబట్టి తూకం ముల్లుకు అది తెలియలేదు.

అపోహ: కొవ్వు ఎక్కడున్నా కొవ్వే.

వాస్తవం: ఎక్కడుందన్నదే అసలు సంగతి. 1947లోనే జాన్ వాగ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు పై భాగంలో చేరే కొవ్వునూ, తుంటి తొడల్లో చేరే కొవ్వునూ విడదీసి చూపారు. షుగర్ జబ్బుతో ఎక్కువ ముడిపడింది మొదటి రకమేనని తర్వాత వివరించారు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ సరిపడా ఉన్నంతకాలం మిగులు కొవ్వు ఎక్కువగా తొడల్లో, తుంటి దగ్గర చర్మం కింద సర్దుకుంటుంది. అక్కడున్నది పెద్దగా హాని చేయదు, నిజానికి కొంత మేలే. ఈస్ట్రోజెన్ పడిపోయాక ఆ దారి మారుతుంది. కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరడం మొదలవుతుంది.

ఈ లోపలి కొవ్వు ఒక చోట కుదురుగా ఉండదు. తరచూ కరిగి కొవ్వు ఆమ్లాలను వదులుతుంది. అక్కడి రక్తం చాలావరకు పోర్టల్ సిర గుండా నేరుగా లివర్‌కే వెళుతుంది కాబట్టి ఆ భారం ముందు దాని మీదే పడుతుంది. మామూలుగా అన్నం తిన్న తర్వాత ఇన్సులిన్ వచ్చి "ఇక గ్లూకోజ్ వదలడం ఆపు" అని లివర్‌కు చెబుతుంది. కొవ్వు పట్టిన లివర్‌కు ఆ మాట చెవికెక్కదు. కండరాల్లోకి కొవ్వు చేరితే అక్కడా అదే కథ. అప్పుడు క్లోమం ఇంకాస్త ఇన్సులిన్ పోసి పని నెట్టుకొస్తుంది. ఇలా ఇన్సులిన్ మాట చెల్లకపోవడమే ఇన్సులిన్ రెసిస్టెన్స్.

సూదితో కొవ్వు పీల్చేసే లైపోసక్షన్ చేయించుకుంటే షుగర్ రాదు కదా అని అడిగేవాళ్లుంటారు. 2004లో 15 మంది ఊబకాయ మహిళలపై జరిగిన ఒక అధ్యయనంలో పొట్ట చర్మం కింది కొవ్వును పెద్ద మొత్తంలో తీసేశారు. కొన్ని వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరు ఏమీ మెరుగుపడలేదు. ఆ సూది చేరేది చర్మం కింది పొర వరకే, పేగుల చుట్టూ ఉన్న కొవ్వును అది ముట్టుకోదు.

అపోహ: పరగడుపు షుగర్ నార్మల్ వచ్చింది కాబట్టి భయం లేదు.

వాస్తవం: క్లోమం కష్టపడుతున్నంతకాలం రిపోర్టు బాగానే కనిపిస్తుంది, కొందరిలో ఏళ్ల తరబడి. అందుకే నేను పక్క గుర్తులు చూస్తాను. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరిగి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తగ్గిందా, మెడ వెనక చర్మం నల్లబడి మందమైందా, నడుము కొలత ఎంత అన్నవి. ఇన్సులిన్ పరీక్ష అందరికీ రాయను. ల్యాబ్‌ను బట్టి అంకెలు మారతాయి, అందరికీ సరిపోయే గీత లేదు. రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ అంటాం. ఒక జాగ్రత్త ఉంది. మెనోపాజ్ ముందు రోజుల్లో అధిక రక్తస్రావమై ఐరన్ తగ్గినవాళ్లలో ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అలాంటప్పుడు హిమోగ్లోబిన్ కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

అపోహ: మెనోపాజ్ రాగానే మెటబాలిజం పడిపోతుంది, ఇక చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: 2021లో 29 దేశాల్లోని 6,400 మందికి పైగా జనం లెక్కలు కలిపి చూశారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా ఒళ్లు ఖర్చు చేసే శక్తి దాదాపు ఒకేలా ఉంది. అంటే తగ్గుతున్నది కండ, కదలిక. ఒళ్లంతా వేడి ఆవిర్లు కమ్మి రాత్రి మూడుసార్లు లేచేవాళ్లకు నిద్ర కూడా తగ్గుతుంది. నిద్ర లేకపోతే ఇన్సులిన్ పనితీరు ఇంకా దెబ్బతింటుంది. ఆ ఆవిర్లకు చికిత్స ఉంది, ఓర్చుకోనక్కర్లేదు.

అపోహ: ఒక పూట మానేసి పొట్ట వ్యాయామాలు చేస్తే సరి.

వాస్తవం: పొట్ట వ్యాయామంతో పొట్ట కండరం గట్టిపడుతుంది, దాని వెనకున్న కొవ్వు ప్రత్యేకంగా కరగదు. కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండా పోతుంది. ఇన్సులిన్ వచ్చాక గ్లూకోజ్‌ను ఎక్కువగా తీసుకునేది కండరాలే కాబట్టి అది మనకు పెద్ద నష్టం. పైగా పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. తిన్న తర్వాత పావుగంట నడవమని చెప్పేది అందుకే. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువులతో వ్యాయామం, తిండిలో సరిపడా ప్రొటీన్, ఇవి నేను చెప్పేవి. ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లలో నడకతో, తిండి మార్పుతో 7 శాతం బరువు తగ్గడమే లక్ష్యంగా పెట్టిన పెద్ద అమెరికా అధ్యయనంలో షుగర్ జబ్బు కొత్తగా రావడం 58 శాతం తగ్గింది. ఆ ఫలితాలు 2002లో వచ్చాయి.

అపోహ: హార్మోన్ మాత్రలతో పొట్ట పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. హార్మోన్లు వాడినవాళ్లలో షుగర్ జబ్బు రావడం కొంచెం తక్కువగానే కనిపించింది. అయితే షుగర్ రాకుండా ఉండటానికని వాటిని ఇవ్వం. వేడి ఆవిర్లు బాగా ఇబ్బంది పెడుతుంటే, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టిన చరిత్ర లేవని చూసుకుని ఇస్తాం.

టేపు ఎలా పట్టాలో కూడా చెప్పాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో చుట్టాలి. టేపు తగలగానే అందరూ ఊపిరి బిగబడతారు. "వదిలేయండమ్మా" అంటాను. మామూలుగా ఊపిరి వదిలాక వచ్చేదే సరైన కొలత. అది మీ ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి.

చిన్న వయసులోనే ఆపరేషన్‌లో రెండు అండాశయాలూ తీసేసినవాళ్లకు ఈ మార్పులన్నీ ముందే మొదలవుతాయి. చాలామందికి ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు. మీరు అలాంటివారైతే 50 ఏళ్లు నిండేదాకా ఆగకండి. ఈ వారమే నడుము కొలుచుకోండి, షుగర్, లిపిడ్ (రక్తంలో కొవ్వుల) పరీక్షలు ఏడాదికోసారి చేయించుకోండి, ఆపరేషన్ ఏ సంవత్సరంలో అయిందో మీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.